అడగందే ఆకు తుంచని కళ్లజోళ్లాయన

సలహా అడగకుండా కళ్లజోళ్లాయన ఒక్క లెట్యూస్ ఆకు కూడా తుంచడు. షాపులో ఊరందరి కళ్లకూ నంబర్లు చెప్పే మనిషికి, తన ఇంటి ముందు కుండీలో పాకే నత్త మాత్రం కనబడదు. దాన్ని చూపించడానికి పక్కింటి టీచరమ్మ రావాలి.

టీచరమ్మ రిటైరయ్యాక పెరడంతా మొక్కలతో నింపింది. ఆ మధ్య మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది గానీ ధైర్యం అతకలేదు. నడవకపోతే కాళ్లు పట్టేస్తాయని డాక్టరు మొత్తుకున్నా కుర్చీ వదిలేది కాదు. ఆవిడ మొక్కలన్నీ ఎండిపోయాయి. కళ్లజోళ్లాయనకు లెట్యూస్ అనే ఆ పచ్చిగా తినే ఆకుకూర పిచ్చి పట్టింది ఆ రోజుల్లోనే.

“టీచరుగారూ, ఒక్కసారి గోడ దాకా వస్తారా?” రోజూ ఇదే కేక. ఆవిడ విసుక్కుంటూ కర్ర పట్టుకుని వచ్చేది.

“ఇది క్యాబేజీలా ఎప్పుడు ఉండ కడుతుందండీ?”

“కట్టదు నాయనా. ఇది విడి ఆకుల రకం.”

“అయితే పీకేయనా?”

“పీకావంటే ఊరుకోను. బయటి ఆకులు తుంచుకుని నడిమి చిగురు వదిలెయ్. మళ్లీ ఆకులేస్తుంది.”

మర్నాడు సరిగ్గా నడిమి చిగురే తుంచి, మళ్లీ పిలిచాడు. ఇంకోసారి ఆకు చేదెక్కిందని పంచదార నీళ్లు పోశాడు. “ఎండకు చేదెక్కితే నీడకు జరపాలి గానీ, చీమలకు విందు చేస్తావా?” అని టీచరమ్మ వీధి మొత్తం వినబడేలా తిట్టింది.

షాపులో కౌంటరు చూసుకునేది కళ్లజోళ్లాయన ఇల్లాలే. ఆమెకు తల కొట్టేసినట్టయింది. కళ్లద్దాలకు వచ్చినవాళ్లు “మొక్కకు పంచదార సరే, కాఫీ కూడా ఇస్తున్నారా?” అని అడిగేవారు. “ఈయన్ని ఏరికోరి చేసుకున్నానండీ. ముందు నా చూపు పరీక్ష చేయించుకోవాల్సింది” అని తన మీద తనే జోకు వేసుకుని గట్టెక్కేది.

ఒకరోజు నీళ్ల ట్యాంకు కారుతోందేమో చూద్దామని మేడెక్కింది. ట్యాంకు వెనక, పాత కర్టెను నీడలో, కుండీల నిండా లెట్యూస్ కళకళలాడుతోంది. బయటి ఆకులు పద్ధతిగా తుంచి ఉన్నాయి. నడిమి చిగుళ్లు భద్రంగా ఉన్నాయి.

“ఏమండీ, ఇవెవరివి?” అని వెనకే పరుగెత్తుకొచ్చిన మొగుణ్ణి అడిగింది.

“నెమ్మదిగా. పక్కకు వినబడుతుంది.”

“మరి కింద ఆ చచ్చు మొక్కలు?”

“వాటిని ఎండలో నేనే పెట్టాను. బాగున్న మొక్కను చూడ్డానికి ఆవిడెందుకు లేచొస్తుంది?”

“ఊరంతా నవ్వుతోందండీ.”

“నవ్వనీ. నిన్న గోడ దాకా కర్ర లేకుండా వచ్చింది, చూశావా?”

ఇల్లాలు చూడలేదు. రోజూ ఆ గోడ పక్కనే బట్టలు ఆరేస్తూ కూడా చూడలేదు. కౌంటరు దగ్గర తను వేసే జోకు ఇన్నాళ్లూ అక్షరాలా నిజమని తెలిసి నవ్వొచ్చింది, మొగుడు ముద్దొచ్చాడు.

మర్నాడు ఆయన నీళ్ల డబ్బా కోసం లోపలికి వెళ్లగానే టీచరమ్మ గోడ మీదికి వంగింది.

“అమ్మాయ్, మీ ట్యాంకు వెనక ఆకులు నాకూ నాలుగు పంపకూడదూ?”

ఇల్లాలు నాలుక కరుచుకుంది. “మీకెలా తెలుసండీ?”

“నత్తల్ని ఏరి మొక్క మీద పెట్టుకునేవాణ్ణి నా సర్వీసులో చూడలేదు. వీడేదో దాస్తున్నాడని మా మేడ మీంచి చూశాను.”

“మేడెక్కారా? మీరా?”

“ఏం చేయను, చూడకపోతే నిద్ర పట్టేలా లేదు. మీ ఆయనకు చెప్పకేం. తెలిసిందంటే పిలవడం మానేస్తాడు.”

అంతలో ఆయన డబ్బాతో వచ్చి, ఎంతో అమాయకంగా అడిగాడు. “టీచరుగారూ, ఈ నత్తలు పగలెక్కడ పడుకుంటాయంటారు?”

టీచరమ్మ గొంతు సవరించుకుని పాఠం మొదలుపెట్టింది. అది పూర్తయ్యేదాకా ఆగి, ఇల్లాలు కూడా గోడ దగ్గరికి జరిగింది.

“టీచరుగారూ, నేనూ లెట్యూస్ విత్తనాలు వేశానండీ. జానెడు లోతులో పాతిపెట్టాను. ఒక్కటీ మొలవలేదేం?”