ఉతకని బట్టల లెక్క

కబేళాలో మాంసం ప్యాకింగ్ చేసే గ్లెనిస్ టారెంట్ ఏనాడూ ఒకరి సొమ్ము చిల్లిగవ్వ ముట్టి ఎరగదు. గంటల లెక్కన కూలి. పిలిస్తే పని, పిలవకపోతే లేదు. మొగుడు పోయాక ఆ కూలితోనే ఇల్లు ఈదుకొచ్చింది. మాట పడకుండా బతికానన్నదే ఆమెకున్న గొప్ప. అలాంటి మనిషికి పన్నుల ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది.

తప్పు ఆమెదే, కాదనను. పని బట్టలు ఇంట్లో ఉతుక్కునేవాళ్లు ఆ ఖర్చు ఆదాయంలోంచి తీసేసి పన్ను కట్టుకోవచ్చు. నూట యాభై డాలర్ల దాకా రసీదులు కూడా అడగరు. రసీదు అక్కర్లేదంటే ఉతకనే అక్కర్లేదని కాదు గదా! కానీ కురంబీన్ ఊరి కబేళాలో టీ బల్ల దగ్గర ఆ తేడా ఎవరికీ పట్టలేదు. జూలైలో పన్ను లెక్కలు రాసే వేళ రాగానే కత్తిపని చేసే మెర్విన్ గొంతెత్తేవాడు: "నూట యాభై! ఊరికే వస్తుంటే వదులుకుంటార్రా ఎవడైనా?" అందరూ అదే వేసేవాళ్లు. వాళ్ల తెల్లకోట్లేమో కంపెనీయే ఉతికించి ఇచ్చేది.

గ్లెనిస్ కబేళా బయట ఆపిన కార్ల మధ్య నిలబడి ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకుంది.

"కోటు వారానికి ఎన్నిసార్లు ఉతుకుతారు మేడమ్?" అడిగాడు ఆఫీసరు.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది గానీ బయటికి రాలేదు.

"ఉతకనండీ. కంపెనీయే ఉతికిస్తుంది."

"మరెందుకు రాశారు?"

"బుద్ధి లేక."

"ఎవరైనా చెప్పారా? ఒకరి మాట నమ్మి వేశారంటే జరిమానా తగ్గించడానికి చూడొచ్చు."

మొగుడు పోయినప్పుడు చందాలు పోగేసి అంత్యక్రియలు గట్టెక్కించింది మెర్వినే. అతని పేరు చెప్పి జరిమానా తగ్గించుకుంటే తిన్న తిండి అరుగుతుందా?

"ఎవరూ చెప్పలేదండీ."

"మీ దగ్గర చాలామంది ఇదే అంకె వేశారు. అందరికీ ఒకేలా తోచిందా?"

"చిన్న ఊరండీ. బుర్రలూ ఒక్కలాగే ఉంటాయి."

ఆఫీసరు నవ్వలేదు. పాత పన్నుతోపాటు జరిమానా కూడా పూర్తిగా కట్టాలన్నాడు. సరేనంది.

టీ వేళకి లోపలికి వెళ్లేసరికి పన్నుల ఆఫీసు ఫోన్ కబురు ఎవరో విని ఆమెకంటే ముందే చేరవేశారు. మెర్విన్ ఆమెను గోడ పక్కకి లాగాడు.

"నా పేరు చెప్పావా?"

"చెప్పలేదు."

"బతికించావు తల్లీ. ఇంకోసారి తగులుకుంటే నా పని అయిపోయేది."

"ఇంకోసారా?"

మెర్విన్ గొంతు తగ్గించాడు. "కిందటేడు నన్నూ పట్టుకున్నార్లే. నేను వెయ్యడం మానేశాను."

"మరి మొన్న జూలైలో కూడా వెయ్యమని అరిచావు!"

"ఇన్నేళ్లు చెప్పినోణ్ని, పట్టుబడ్డానని ఎట్లా చెప్పుకోనమ్మా? నవ్వరూ?"

అన్నాళ్లూ తేలు కుట్టిన దొంగలా ఉన్నాడన్నమాట. గ్లెనిస్‌కి అప్పటిదాకా ఉన్న భయమంతా ఒక్కసారిగా కోపమైంది. తను దాచింది అతని పరువు. అతను దాచింది వీళ్లందరి మెడమీద కత్తి. చెప్పనా వద్దా అని ఒక్క క్షణం ఆగింది. చందాలు పోగేసిన చేతులు గుర్తొచ్చాయి. ఆ చందాలు వేసిన చేతులు మాత్రం ఈ బల్ల చుట్టూ ఉన్నాయి.

"ఇటు వినండర్రా," అంది అందరికీ వినపడేలా. "ఉతుకుడు డబ్బులు వేసినవాళ్లు, పన్నులోళ్లు పిలవకముందే మీరే ఫోన్ చేసి దిద్దుకోండి. నన్ను పట్టుకున్నారు."

"నిన్నొక్కదాన్నేనా?" అన్నాడు బల్ల చివరి నుంచి ఒకడు.

గ్లెనిస్ మెర్విన్ వైపు చూసింది. పేరు చెప్పలేదు, చూపు మాత్రం తిప్పలేదు.

"నన్ను కూడా," అన్నాడు మెర్విన్ చివరికి. "కిందటేడే."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండునని అతనికి అప్పుడనిపించింది.