సైదాబీ పిన్ని కొనుక్కున్న పిల్ల

పొద్దున నడకకు వెళ్ళేటప్పుడు మా వీధి చివర రైసు మిల్లు దాటాలి. మిల్లు ఆడుతున్న రోజుల్లో ఆ గోడ పక్కకు రాగానే కొత్త తవుడు వాసన వస్తుంది. వెచ్చగా, కాస్త తియ్యగా, నాలుక మీద పొడిపొడిగా తగిలినట్టు ఉండే వాసన. అది తగలగానే నా అడుగు దానంతటదే నెమ్మదిస్తుంది. నాతో నడిచేవాళ్ళు ఆయాసం వచ్చిందేమో అనుకుని ఆగుతారు. ఆ గోడ మలుపులోంచి సైదాబీ పిన్ని నడిచి వస్తుందేమోనని నాకు ఒక్క క్షణం అనిపిస్తుంది. చంకలో చేట, నోట్లో వక్కాకు, ముఖం నిండా బేరం గెలిచిన నవ్వు. ఆమెను ఎరిగినవాళ్ళు ఇప్పుడు ఈ పేటలో ఎక్కువమంది లేరు కాబట్టి మొదటినుంచి చెబుతాను.

ఎనభైల మొదట్లో నరసరావుపేటలో మేము అద్దెకున్న ఇంటికి రెండు వాటాలు. ఒక దాంట్లో నేనూ మావారూ. ఆయన ఎడ్లపాడు హైస్కూల్లో పంతులు. పొద్దున బస్సెక్కితే పొద్దుగూకాక వచ్చేవారు. నేను ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాను. రెండో వాటా సైదాబీ పిన్నిది. ఆమె భర్తను మేము బాబాయ్ అనే పిలిచేవాళ్ళం. లారీలకు బాడీలు కట్టే షెడ్డులో రంగులు వేసేవాడు. ఎప్పుడు చూసినా చేతిగోళ్ళ సందుల్లో ఎరుపో ఆకుపచ్చో ఉండేది. వాళ్ళ పిల్లలు పెళ్ళిళ్ళయి ఎవరి కాపురాలకు వాళ్ళు వెళ్ళిపోయారు. మా రెండు వాటాలకూ వరండా ఒక్కటే, కొళాయి ఒక్కటే, వరండా ముందు నిలబడ్డ వేపచెట్టు ఒక్కటే.

పిన్నికి చవకగా కొనడం ఒక కళ. కొన్న వస్తువు ఇంట్లో అవసరమా కాదా అన్నది తరువాతి మాట. ఒకసారి నన్ను బజారుకు తోడు తీసుకెళ్ళింది. గుడ్డల కొట్టు ముందు నేల మీద కట్‌పీసులు కుప్ప పోసుకుని ఒకతను కూచున్నాడు. పిన్ని నిలబడి బేరమాడే మనిషి కాదు. అతని పక్కనే చతికిలబడి, ముందు అతని ఊరడిగింది, భార్య బాగుందా అనడిగింది, ఎండలు ముదిరాయని ఇద్దరూ కలిసి విచారించారు. ఆ తరువాత ఒక పూల గుడ్డముక్క తీసి, "ఏందయ్యా ఇది? దీంట్లో జాకెట్టు వచ్చిద్దా, జేబురుమాలు వచ్చిద్దా?" అంది.

"పొద్దున్నే బోణీ అక్కా, అట్టా అనబాక," అన్నాడతను.

"బోణీ అనే గందా ఇంతసేపు కూచున్నా. నా చెయ్యి మంచిదో కాదో సాయంత్రం ఇదే చోటుకొచ్చి అడుగుతా."

చివరికి అతనే నవ్వేసి ముక్క మీద ముక్క కొసరు వేశాడు. దారి పొడుగునా ఆ గుడ్డను ఎండకేసి పట్టుకుని మురిసిపోతూ నడిచింది పిన్ని. నేనైతే అడిగిన ధర ఇచ్చి తల వంచుకుని వచ్చేదాన్ని. దొరికినదాన్ని చూసి పైకి సంతోషపడటం నాకు చేతకాని పని. అది మొదటినుంచీ కాదు. మొదటి బిడ్డ పోయిన తరువాత.

నా మొదటి కాన్పు పుట్టింట్లో జరిగింది. మగపిల్లాడు. వాణ్ణి కళ్ళారా చూసుకున్నాను. నిద్రపోతుంటే చూశాను, పాలు తాగుతుంటే చూశాను, చూస్తూ ఎన్నో మాటలు చెప్పాను. వారం తిరక్కుండానే పోయాడు. ఏదో జబ్బు, డాక్టరు దాని పేరు కూడా చెప్పారు. కానీ పరామర్శకు వచ్చిన ఒకావిడ, "అంతగా చూడకపోయినా బాగుండేదమ్మా, తల్లి దిష్టి మంచిది కాదు," అని వెళ్ళింది. ఆవిడ నా మీద జాలితోనే అంది. చదువుకున్నదాన్ని, ఆఫీసులో ఫైళ్ళు చూసేదాన్ని, అలాంటివి నమ్మనని అనుకునేదాన్ని. ఆ మాట మాత్రం నాలో ఎక్కడో దిగబడిపోయింది.

రెండో కాన్పుకు పుట్టింటికి పంపలేదు. మా అత్తగారే బొల్లాపల్లి నుంచి వచ్చి పేటలో పురుడు పోసింది. ఆడపిల్ల. పాలిస్తూ నేను వేపచెట్టు వైపు చూసేదాన్ని. స్నానం అత్తగారు పోసేది, సాంబ్రాణి పిన్ని వేసేది. ఆ పొగలోంచి పిల్ల కాళ్ళు కనబడితే చూపు పక్కకు తిప్పుకునేదాన్ని. పాప ఎవరి పోలికని ఎవరైనా అడిగితే తెలియదనే చెప్పేదాన్ని. నిజంగానే నాకు తెలియదు. అత్తగారు కొన్నాళ్ళు చూసి, ఒక రోజు నా ముందూ మావారి ముందూ తేల్చేసింది.

"ఏమే రాజ్యం, ఇట్టా చూడకుండా ఎన్నాళ్ళు పెంచుతావే? ఊళ్ళోవాళ్ళ దిష్టికైతే ఉప్పూ మిరపకాయలూ తిప్పిపోస్తే పోయిద్ది. కన్నతల్లి దిష్టికి ఒకటే మందు. అమ్మెయ్యి. మా వైపు దక్కని కడుపుల వాళ్ళందరూ అమ్మేస్తారు. అప్పుడు నువ్వు తల్లివీ కాదు, నీ చూపు తల్లి చూపూ కాదు."

"ఎవరికి అమ్మాలత్తయ్యా?"

"ఇంకెవరికి? ఆ బేరాల మనిషికే."

పురుడు వెళ్ళిన రోజు పొద్దున పిల్లను చేటలో పడుకోబెట్టి గడప మీద పెట్టారు. పిన్ని తలమీద కొంగు సర్దుకుని, నిజంగా బజారుకొచ్చినట్టే, అటూ ఇటూ చూసి నిలబడింది. "ఏంది వదినా, ఈ సరుకు ధరేంది?"

"చేటెడు తౌడు," అంది అత్తగారు.

"చేటెడా! ఇంత పిల్లకు చేటెడు తౌడా? ఒక్క పన్ను కూడా లేదు. పళ్ళు నేనే మొలిపించుకోవాల, నడక నేనే నేర్పించుకోవాల. దోసెడిస్తా."

"దోసెడుకు పిల్లనెవరిస్తారు సైదాబీ?"

"ఇయ్యకపోతే మానండి. ఈ బజారులో పిల్లలు కరువా?" అని నాలుగడుగులు వేసింది కూడా. మా అత్తగారు నవ్వాపుకోలేక, "వచ్చి తీసుకుపోవే తల్లీ," అనేసింది. పిన్ని దోసెడు తవుడు అత్తగారి కొంగులో పోసి, చేటతో సహా పిల్లను ఎత్తుకుని తన వాటాలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి తలుపులోంచి తల బయటపెట్టి, "అమ్మాయ్ రాజ్యం! నా పిల్ల ఏడుస్తంది. పాలిచ్చేవాళ్ళు కావాల, వస్తావా?" అని కేకేసింది.

ఆ రోజునుంచి నేను పనిమనిషిని, ఆమె యజమాని. ఇద్దరం ఆ వేషాలు తీసేయలేదు. "నా పిల్లను ఎండలో పెట్టావేంది?" అని గదమాయించేది. "సరిగ్గా తాగిందా? కూలి ఊరికే పోకూడదు చూడు," అనేది. తౌడు పెట్టి కొన్నదని తౌడమ్మ అని పేరు పెట్టుకుంది. మేము పెట్టిన సుధ అనే పేరు ఆ ఏడాదంతా ఎవరి నోటా పలకలేదు. డైరీ రాయడం నాకు హైస్కూలు రోజులనుంచీ అలవాటు. ఆ సంవత్సరం డైరీలో పాప మాట వచ్చిన చోటల్లా "పిన్ని పాప" అనే రాసుకున్నాను. పిన్ని పాప బోర్లా పడింది. పిన్ని పాప నన్ను చూసి నవ్వింది.

పక్కింటి పిల్లను చూడటానికి భయమెందుకు? చూడటం మొదలుపెట్టాను. ఆఫీసు సెలవు రోజుల్లో మధ్యాహ్నాలు ఊరంతా సద్దుమణిగి, మిరపకాయల కొట్ల వైపు నుంచి ఘాటు గాలి వచ్చి, వేపపూలు వరండా మీద రాలుతుండేవి. ఎక్కడో రేడియో మోగుతూ ఉండేది. నా చాప మీద ఆ పిల్ల తన కాలిబొటనవేలును నోట్లో పెట్టుకోవాలని తంటాలు పడేది. నేను చెంపకు చెయ్యి చేర్చుకుని చూస్తూ ఉండేదాన్ని. ఏ పనీ లేకుండా, ఏ ఆలోచనా లేకుండా. జీవితంలో అంత ఖాళీగా, అంత నిండుగా మరెప్పుడూ గడపలేదు. ఆ నీడ, ఆ గాలి ఇప్పటికీ కల్లో వస్తాయి. కల్లో కూడా నేను ఎక్కడికీ వెళ్ళను. ఆ చాప మీదే కూచుని ఉంటాను.

తన పిల్ల కోసం పిన్ని బజారంతా గాలించేది. కట్‌పీసులతో గౌన్లు కుట్టించింది, ముందు ఒక రంగు, వెనక ఒక రంగు. పాత సామాన్ల కొట్లో ఊచలు విరిగిన చెక్క ఊయల పట్టుకొచ్చింది. "రిక్షా బాడుగ కూడా వాడిచేతే ఇప్పించా," అని రెండు రోజులు చెప్పుకుంది. బాబాయ్ దానికి కొత్త ఊచలు బిగించి, లారీలకు వాడగా మిగిలిన రంగులు పూశాడు. ఒక పక్క తామరపూలు, ఒక పక్క నెమలి, తలవైపు దిష్టికి నాలుక చాచిన రాక్షసుడు. కాళ్ళవైపు అందమైన అక్షరాలతో "నెమ్మదిగా పొండి" అని రాశాడు. వీధిలోవాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళారు. మావారు ఆ ఊయల ఊపుతూ నోటితో లారీ హారన్ మోగించేవారు. పిల్ల కిలకిలా నవ్వేది. ఆయన అలా ఆడతారని నాకు అప్పటిదాకా తెలియదు.

అమ్మిన పిల్లను ఎప్పటికీ అలా వదిలేయకూడదు. ఏడాది నిండాక కోటప్పకొండ మీద పుట్టువెంట్రుకలు తీయించి, ఇంటికి రాగానే తిరిగి కొనుక్కోవాలని అత్తగారు ముందే చెప్పింది. కొండకు వెళ్ళాం, వెంట్రుకలిచ్చాం, దిగి వచ్చాం. కొనుక్కునే మాట వచ్చేసరికి తలనొప్పి అన్నాను. ఆ తరువాత ఆఫీసు పని అన్నాను. అత్తగారు అడిగి అడిగి బొల్లాపల్లి వెళ్ళిపోయింది. పిన్ని ఏమీ అడగలేదు. ఇంతలో బాబాయ్‌కి కృష్ణ అవతల, మిర్యాలగూడలో కొత్త షెడ్డులో పని దొరికింది. సామాన్లు కట్టుకుంటూ ఒక సాయంత్రం పిన్ని వరండాలో నా పక్కన కూచుంది.

"పిల్లను ఎప్పుడు కొనుక్కుంటావమ్మాయ్?"

"నీ పిల్లగానే ఉండనియ్యి పిన్నీ. నువ్వు మిర్యాలగూడలో ఉంటే మాత్రమేం? నీదిగా ఉన్నప్పుడు బాగానే ఉంది కదా. నాదయిందంటే…" అన్నాను.

ఆమె వక్కాకు పక్కకు ఉమ్మేసింది. "నా సరుకు నేను వెంట తీసుకెళ్తా మరి. లేదా రేపు పొద్దున తౌడు పట్టుకుని రా," అని లేచి వెళ్ళింది. అందులో ఎంత వేళాకోళమో ఎంత నిజమో పోల్చుకోలేక ఆ మాటే తలుచుకుంటూ ఉండిపోయాను. పిన్ని అంతకుముందే కబురు చేసిందట, అత్తగారు పొద్దున్నే మొదటి బస్సుకు దిగింది.

లారీ వచ్చి గుమ్మం ముందు ఆగింది. పిల్ల పిన్ని గడప మీద కూచుని, అప్పుడే మొలుస్తున్న జుట్టుతో, రెండు రంగుల గౌనుతో లారీని చూస్తోంది. నేను చేటలో తవుడు పట్టుకుని తల వంచుకుని వెళ్ళాను. గబగబా పోసేసి, పిల్లనెత్తుకుని లోపలికి వచ్చేద్దామని. పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. సరుకు చూడకుండానే కొంటావా?"

"చూసేదేముంది పిన్నీ, రోజూ చూసేదేగా."

"రోజూ చూసింది నా పిల్లని. ఇయ్యాళ నీ పిల్లని చూడు. ఎండలోకి తీసుకుపో. ఏమన్నా లోపముంటే చెప్పు, ధర తగ్గిస్తా."

చేట కింద పెట్టి పిల్లను ఎత్తుకుని వాకిట్లోకి వెళ్ళాను. ఎండ ఇంకా లేతగా ఉంది. మొదట గౌను అంచు చూశాను. తరువాత చేతులు, మెడ కింది మడత, గడ్డం మీద జారిన చొంగ, కొత్తగా వచ్చిన రెండు పళ్ళు. అక్కడితో ఆగిపోదామనుకున్నాను. పిల్ల నా ముక్కు పట్టుకుని తల పైకెత్తించింది. కళ్ళు. నల్లగా, తడిగా, ఎండ పడి లోపల తేనెరంగు కదులుతూ. అవి నన్నే చూస్తున్నాయి. ఆ చూపులో ఏ భయమూ లేదు. వాకిలి, లారీ, జనం, అన్నీ దూరంగా జరిగిపోయాయి. ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు.

"ఏందమ్మాయ్, దొరికిందా లోపం?"

"ఎడమ చెవి కొస కాస్త మడత పడింది పిన్నీ."

"అది నీ చెవే. పోయి అద్దంలో చూసుకో. ఇంకా?"

"ఇంకేం లేదు."

"ఏందీ?"

"ఇంకేం లేదు పిన్నీ. నా పిల్ల చాలా బాగుంది."

పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుని, మా అత్తగారి వైపు చూపించి, "మళ్ళీ చెప్పు. మీ అత్తకు చెవుడు," అంది. మళ్ళీ చెప్పాను, ఈసారి గట్టిగా, పేరు పెట్టి. నా సుధ చాలా బాగుందని. పిన్ని నా చేటలోంచి దోసెడు తవుడు తీసుకుని కొంగున ముడి వేసుకుంది. "అయిపోయింది బేరం. ఇంక వాపసు తీసుకునేది లేదు," అని లారీ ఎక్కి బాబాయ్ పక్కన కూచుంది. లారీ కదిలాక కూడా తల బయటపెట్టి చూస్తూనే ఉంది.

భయం ఆ పూటతో పోయిందని చెప్పను. పిల్ల తుమ్మినా దగ్గినా నుదుటి మీద చెయ్యి వేసి చూసేదాన్ని. అయినా చూపు మాత్రం తిప్పుకోలేదు. పిన్ని కోటప్పకొండ తిరునాళ్ళకు కొన్నేళ్ళు వస్తూ ఉండేది. వచ్చినప్పుడల్లా ఏదో ఒక చవక సరుకు సంచిలో ఉండేది. తరువాత రాకపోకలు తగ్గాయి. ఒక వేసవిలో ఆమె పోయిందన్న కబురు తెలిసింది. ఆ రోజు నేను ఆఫీసు నుంచి పెందలాడే ఇంటికి వచ్చి, వరండాలో చాప పరుచుకుని ఊరికే కూచున్నాను.

సుధ ఇప్పుడు గుంటూరులో ఉద్యోగం చేస్తోంది. దాని జుట్టు కూడా అక్కడక్కడ నెరిసింది. నెలకోసారి వచ్చి బస్సు దిగేటప్పుడు నేను స్టాండులో నిలబడి ఉంటాను. సంచి భుజాన వేసుకుని మెట్టు దిగుతుంటే తలనుంచి కాళ్ళదాకా చూస్తాను.

"ఏందమ్మా అట్టా చూస్తావు, అందరి ముందూ?" అంటుంది.

"చాలా బాగున్నావే," అంటాను. స్టాండులోవాళ్ళు ఒకరిద్దరు తిరిగి చూస్తారు. చూడనిస్తాను.