మా వెనక వరసలో కరస్పాండెంట్ గారు

ఆ ఆదివారం మా అమ్మని తీసుకుని గుడివాడలో మధ్యాహ్నం మూడింటి బస్సు ఎక్కాను. బందరులో ఒక అమ్మాయి గిటారు పట్టుకుని మన పల్లెపాటలు పాడుతుందని మా స్కూల్లో లెక్కల టీచరు చెప్పింది. అంతకు వారం ముందే ఆ అమ్మాయి వీడియో ఒకటి ఫోనులో పెట్టి అమ్మ చెవికి ఆనించాను. అమ్మ సగం విని, "ఇది మా ఊడ్పుల పాటే. ఆ పిల్ల ఏవేవో తగిలించింది గానీ, మాదే," అంది. అప్పుడే అనుకున్నాను, ఎదురుగా కూర్చోబెట్టి వినిపించాలని.

అమ్మది నాగాయలంక దగ్గర పల్లె. పెళ్ళికి ముందూ, పెళ్ళయ్యాక చాలా ఏళ్ళూ వరి ఊడ్పులకి వెళ్ళింది. నేను టీచరుగా చేరాక మాన్పించాను. ఇప్పుడు ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి మిషను పెట్టుకుంటుంది. ఆ మిషనుతో ఒక చిక్కుంది. దూరంగా ఉన్న మాట కంటే దగ్గరి చప్పుడునే ముందు పట్టుకుంటుంది. పక్కన ఎవరైనా కవరు నలిపినా అమ్మకి రేకుల మీద వాన పడ్డట్టు ఉంటుంది. అందుకే గంట ముందే చేరుకుని, రెండో వరసలో, కుడి చెవి గిటారు వైపుకి ఉండేలా చూసి కూర్చోబెట్టాను.

హాలు చిన్నది, త్వరగానే నిండిపోయింది. వేదిక మీద ముగ్గురే. గిటారుతో ఆ అమ్మాయి, వేణువుతో ఒకతను, చెక్కపెట్టె మీద కూర్చుని దాన్నే అరచేతులతో వాయించే ఇంకొకతను. పెద్ద స్పీకర్లు పెట్టలేదని, కాస్త నిశ్శబ్దంగా ఉంటే చివరి వరసకి కూడా వినబడుతుందని ఆ అమ్మాయి మొదటే చెప్పింది.

మొదటి పాట సగంలో ఉండగా మా వెనక ఎవరో కుర్చీ ఈడ్చుకుని కూర్చున్నారు. ఆ చప్పుడుకి అమ్మ ఉలిక్కిపడింది. గొంతు వినగానే, తిరిగి చూడకుండానే నాకు తెలిసిపోయింది. మా స్కూలు కరస్పాండెంట్ గారు. స్కూలు ఆయనదే. పన్నెండేళ్ళుగా అక్కడ తెలుగు చెబుతున్నాను.

ఆయన ఫోనులో రొయ్యల చెరువు సంగతి మాట్లాడారు. తర్వాత ఎవరికో వీడియో కాల్ చేసి, వేదిక కనపడుతోందా అని నాలుగుసార్లు అడిగారు. పాటకీ పాటకీ మధ్య, ఒక సినిమా పాట పాడమని కేకేశారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆయనకి అది ఉత్సాహం ఇచ్చింది. నిర్వాహకులు చూసి కూడా ఊరుకున్నారు. వాళ్ళలో ఒకతను ఆయనకి మంచినీళ్ళ సీసా తెచ్చిచ్చాడు.

నేను వెనక్కి తిరిగి, అమ్మకి చెవి మిషను ఉందని, మీ మాటలే వినబడుతున్నాయి తప్ప పాట వినబడడం లేదని మెల్లగా చెప్పాను. అయ్యో, అలాగామ్మా అన్నారు. ఒక పాట అయ్యేదాకా నిజంగానే మాట్లాడలేదు. తర్వాత మళ్ళీ మొదలు. ఈసారి లేచి ఆయన కుర్చీ పక్కకి వెళ్ళి, వంగి అదే మాట చెప్పాను. సరదాగా వచ్చాం కదా, క్లాసులో పిల్లల్లా కూర్చోమంటావా అని పక్కాయన వైపు చూసి నవ్వారు.

నేను తిరిగి వచ్చేసరికి అమ్మ మిషను తీసేసి గుప్పిట్లో పెట్టుకుని ఉంది.

"పోనీలేవే, చూస్తున్నాగా," అంది.

ఉద్యోగం పోతుందేమోనన్న భయం అప్పుడే పోయిందని చెప్పను. కానీ ఆ ఊడ్పుల పాట ఒక్కటైనా వినకుండా ఆవిడని ఇంటికి తీసుకెళ్ళకూడదని గట్టిగా అనుకున్నాను.

ఇక దివిసీమ ఊడ్పుల పాట అని ఆ అమ్మాయి చెప్పి, తీగ మీటింది. వెనకనించి ఆయన, పొలం పాటలు చాల్లేమ్మా అంటూ తనే ఒక సినిమా పాట అందుకుని చప్పట్లు మొదలుపెట్టారు. అమ్మాయి ఆగిపోయింది. నేను లేచి నిలబడ్డాను. చివరి బెంచీకి వినబడేలా పాఠం చెప్పే గొంతే వచ్చింది.

"సార్, ఇది మా అమ్మ నడుం వంచి నాట్లేస్తూ పాడిన పాట. ఇది వినడానికే గుడివాడ నుంచి వచ్చాం. అయ్యేదాకా మాట్లాడకండి. మాట్లాడాలనుకుంటే బయటికి వెళ్ళండి."

ఆయన నన్ను చూసి, "రేపు స్కూలుకి వస్తావుగా," అన్నారు.

"వస్తానండి. ఎనిమిదిన్నరకి."

ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని, అవతల ఎవరో ఉన్నట్టు మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. నేను అమ్మ చెవికి మిషను పెట్టాను. ఆ అమ్మాయి అంతవరకు ఆగి, మొదటి నుంచి ఎత్తుకుంది. పాట నడుస్తున్నంతసేపూ అమ్మ బొటనవేలూ రెండు వేళ్ళూ చీర మీద నారు నాటుతూనే ఉన్నాయి.

అంతా అయ్యాక ఆ అమ్మాయి దిగి వచ్చి అమ్మ ముందు నేల మీద కూర్చుంది. ఎలా ఉందని అడిగింది.

"బాగా పాడావమ్మా. కానీ ఆ జోరున నాటితే నారు తేలిపోద్ది. నారుకట్ట చెయ్యి మార్చుకునే చోట కాస్త ఆగాలి," అంది అమ్మ.

ఆ అమ్మాయి నవ్వలేదు. ఎక్కడ ఆగాలో చూపించమంది. అమ్మ తన తొడ మీద దరువేస్తూ రెండు చరణాలు పాడింది. మేం ఎక్కాలనుకున్న బస్సు వెళ్ళిపోయింది.

తర్వాతి బస్సులో, ఆయనెవరో అమ్మకి చెప్పాను. పెడన దాటాక, ఉద్యోగం తీసేస్తాడా అని అడిగింది. తెలీదన్నాను. తీసేస్తే ఇంకోటి వెతుక్కుందువుగాని అని కళ్ళు మూసుకుంది.

సోమవారం ఆయన గదికి పిలిచారు. నలుగురిలో అలా అనొచ్చా అని అడిగారు. అంతకు ముందు రెండుసార్లు మీ ఒక్కరికే వినబడేలా చెప్పానండి అన్నాను. ఆయన బల్ల మీది కాగితాలు సర్దారు. ఆ వారంలోనే పదో తరగతి నా దగ్గర్నించి తీసి, ఆరో తరగతి ఇచ్చారు. తొమ్మిదేళ్ళుగా పబ్లిక్ పరీక్షలకి పిల్లల్ని తయారు చేసినదాన్ని, బాధపడలేదంటే అబద్ధం. ఒక్కసారి సారీ చెప్పు, అంతా సర్దుకుంటుందని లెక్కల టీచరు నచ్చజెప్పింది. నేను చెప్పలేదు.

ఆ ఏడాదంతా ఆరో తరగతి పిల్లల చేత గుణింతాలు దిద్దించాను. ఇప్పటికీ అదే స్కూల్లో ఉన్నాను. ఆయన ఎదురైతే నమస్కారం పెడతాను. ఆయనా తలూపి వెళ్ళిపోతారు.