మామ పడవలో రాడార్, అర మీద వినాయకుడు

మొన్న ఆదివారం ఇక్కడ మలేషియాలో, కువాలా సెలంగోర్ జెట్టీలో ఏం జరిగిందో తెలుసా? మా మామ అందరి ముందూ నా భుజం తట్టాడు! పెళ్ళయిన పదకొండేళ్ళలో ఇదే మొదటిసారి. ఎందుకు తట్టాడన్నది మాత్రం కాస్త ఇబ్బందికరమైన సంగతి. ముందు టీ తాగండి, చెప్తాను.

పోర్ట్ క్లాంగ్‌లో పడవలకి రాడార్లూ జీపీఎస్‌లూ బిగించడం నా పని. మామకి అదో పనిలాగే కనపడదు. ఎవరడిగినా "మా అల్లుడు రేడియోలు బాగుసేస్తాడు" అంటాడు. ఆయనకో చిన్న చేపల పడవ ఉంది. పోయిన నెల పెద్ద వానలో ఒడ్డు కనపడక రెండు గంటలు సముద్రంలో గిరగిరా తిరిగొచ్చాడు. రాడార్ పెట్టించేదాకా పడవెక్కనివ్వనని అత్త గోల పెట్టింది. అలా నాకు ఛాన్సొచ్చింది. ఈ ఒక్క పనీ శుభ్రంగా చేసి చూపిస్తే ఇంక నేను రేడియోల వాణ్ణి కాదు!

రెండ్రోజులు చెమటోడ్చాను. కేబిన్ పైన రాడార్, చుక్కాని దగ్గర స్క్రీన్, లోపల చెక్క అర కింద సెన్సర్. పడవ ముక్కు ఎటుందో రాడార్‌కి చెప్పేది ఆ సెన్సరే, ఓ రకం దిక్సూచి అనుకోండి. శనివారం పడవని గుండ్రంగా తిప్పి సెట్ చేశాను. మ్యాపు మీద రాడార్ బొమ్మ అతికినట్టు కూర్చుంది. "ఈ అర దగ్గర ఇనుము పెట్టకు మామా, అయస్కాంతమైతే అసలే వద్దు" అని నాలుగుసార్లు చెప్పాను. గుర్తుంచుకోండి, చెప్పింది నేనే.

ఆదివారం పొద్దున పూజ. మావాళ్ళు ఏ మిషన్ కొన్నా దేవుడు లేకుండా స్విచ్ వెయ్యరు. అత్త స్క్రీన్‌కి పసుపూ కుంకుమా పెట్టింది. నేను కొబ్బరికాయ కొట్టి, నా తరఫున కార్లో పెట్టుకునే చిన్న వినాయకుణ్ణి అర మీద నిలబెట్టాను. మామ, అత్త, పక్క పడవ ముత్తు, నేను బయల్దేరాం.

నది దాటి రాడార్ స్విచ్ వేశామో లేదో స్క్రీన్‌కి పిచ్చెక్కింది. మేం పోయేది సముద్రంలోకి, బొమ్మలో పడవ చూసేది పామాయిల్ తోటల వైపు!

"ఏటల్లుడూ, సముద్రం మద్దిన ఒడ్డు లేసినాదేటి?" అన్నాడు మామ.

"పీతలాగ పక్కకి నడస్తన్నాది లా!" ఇక్కడి వాళ్ళందరిలాగే మాట చివర 'లా' తగిలించి ముత్తు పగలబడి నవ్వాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఎవరో ఇనుము పెట్టారు! అన్నీ వెనక్కి!" అని అరిచాను. మామ కత్తి, ముత్తు స్పానర్లు, తాళాలు, ఫోన్లు, అత్త ఇడ్లీల క్యారేజీ, అన్నీ పడవ చివరికి పోయాయి. బొమ్మ కదల్లేదు. అత్త గాజులు కూడా తియ్యమన్నాను.

"ఇయి బంగారం బాబూ!"

బంగారమని నాకూ తెలుసు. అయినా తీయించాను.

ఊహూఁ. నా పరువు మునిగింది. "వెనక్కి పోదాం మామా" అన్నాను నీరసంగా.

"ఉండు. సామికి సరిగ్గా దండమెట్టినట్టు నేవు" అంటూ మామ వినాయకుణ్ణి రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకున్నాడు. స్క్రీన్ గిర్రున తిరిగింది. ఒడ్డు ఒడ్డు దగ్గరికి, సముద్రం సముద్రం దగ్గరికి వెళ్ళిపోయాయి!

అత్త లెంపలేసుకుంది. ముత్తు నవ్వు ఆగిపోయింది. నేను మాత్రం మామ చేతిలోని విగ్రహం అడుగు చూశాను. నల్లగా, గుండ్రంగా, ఇంత అయస్కాంతం! కార్లో కదలకుండా ఉండాలిగా మరి.

మామ స్వామిని నా చేతికిచ్చి వల వెయ్యడానికి పోగానే ఆ అయస్కాంతం ఊడబీకి జేబులో వేసుకుని, పడవ చివరికి పోయి సామాన్లలో దాచేసి, స్వామిని మళ్ళీ అర మీద పెట్టాను. స్క్రీన్ మీద బొమ్మ ఇసుమంతైనా చెదరలేదు.

తిరిగొచ్చేటప్పుడు అసలు పరీక్ష. కుండపోత వాన! ముందు ఏమీ కనపడదు. మామ స్క్రీన్ మీద చూపు తిప్పకుండా చుక్కాని పట్టుకుని, సూదిలో దారం ఎక్కించినట్టు పడవని నదిలోకి తెచ్చేశాడు. నాకు గంతులేయాలనిపించింది!

జెట్టీలో దిగగానే భుజం తట్టాడు. ముత్తు అక్కడికక్కడే తన పడవకీ రాడార్ కావాలన్నాడు, అదే వినాయకుడితో సహా. గెలిచాను! ఇప్పుడు ఎవరడిగినా మామ నన్ను రేడియోల వాడనడం మానేశాడు.

"మా అల్లుడా? పడవలకి వినాయకుణ్ణి బిగిస్తాడు" అంటున్నాడు.