తవిటయ్యకి వచ్చిన ఫోను

మా బ్యాంకు చాలా పెద్దది. పేరు చెప్పను, నాకింకా ఆరేళ్ళ సర్వీసుంది. చోడవరం బ్రాంచిలో నేను క్యాషియర్ని, తవిటయ్య జనరేటరు మనిషి. కరెంటు పోగానే మేనేజరు గదిలోంచి, నా కౌంటరులోంచి, జనంలోంచి ఒక్కసారే కేక లేచేది: "తవిటయ్యా!" అతను పరుగున పెరట్లోకి వెళ్ళి జనరేటరు ఆన్ చేసేవాడు. లైట్లు వెలిగాక గుమ్మంలో నిలబడి, పెళ్ళి జరిపించిన పెద్దలాగా అందర్నీ ఓసారి చూసుకునేవాడు. భార్య దేముడమ్మ పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. దేవరాపల్లిలో ఉన్న అన్నదమ్ములతో మాటల్లేవు. ఊళ్ళో అతన్ని పేరు పెట్టి పిలిచేది మేమే.

అలాంటి జనరేటరు మీద హెడ్డాఫీసు కన్ను పడింది. బ్యాంకు వల్ల గాలిలో కలిసే కర్బనాన్ని కొన్నేళ్ళలో సున్నా చేస్తామని మా పెద్దలు లోకానికి మాటిచ్చారట. ఆ మాటని ఫ్రేము కట్టించి బ్రాంచి బ్రాంచికీ పంపారు. బొగ్గు కంపెనీలకి మేమిచ్చే అప్పులు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. వాటి పొగ వాళ్ళ ఖాతాలోదట, మాది కాదట. తవిటయ్య జనరేటరు పొగ మాత్రం మాదే. డాబా మీద సోలార్ పలకలు పరిచి, బ్యాటరీలు పెట్టి, జనరేటరుని పాత ఇనుము కింద లారీ ఎక్కించేశారు. తవిటయ్యని తీసెయ్యలేదు, పలకలు తుడిచే పనిచ్చారు. అంతవరకూ ధర్మాత్ములే.

ఆ తరవాత కరెంటు పోతే మాకు తెలిసేది కాదు. అతనికి తెలిసేది. అలవాటు కొద్దీ డాబా దిగి వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. లోపల లైట్లు వెలుగుతూనే ఉండేవి. తలెత్తి చూసేవాళ్ళు లేరు.

"ఏటి తవిటయ్యా?" అన్నానోసారి.

"ఏటీ లేదు బాబూ. కరెంటు పోనాది" అని మళ్ళీ మెట్లెక్కాడు. నాకు చాలా బాధేసింది. కానీ కౌంటరు ముందు జనం ఉన్నారు.

దసరా వచ్చింది. ఏటా ఆయుధపూజకి జనరేటరుని కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి మాకు కొబ్బరిముక్కలు పంచేవాడు. ఈసారి ఆ భక్తంతా పలకల మీద చూపించాడు. ఒక్కో పలకకీ దట్టంగా పసుపు, అరచేయంత బొట్టు, అడ్డంగా దండ. సెలవులయ్యాక బ్యాంకు తెరిచామో లేదో నా బల్ల మీద ఫోను మోగింది. విశాఖపట్నం ఆఫీసులో అన్ని బ్రాంచిల సోలార్ కరెంటు చూసే అమ్మాయి, రేవతి. చోడవరం కరెంటు ఒక్కసారిగా పడిపోయిందేమని అడిగింది. పలకల సంగతి తవిటయ్యకే తెలుసన్నాను.

"పలకలు సూసేది తవిటయ్య గారా? ఒకసారి ఆయనకిస్తారా?"

ఫోనులో మళ్ళీ గారు అనేసరికి తవిటయ్య రిసీవరు రెండు చేతులతో పట్టుకున్నాడు. పసుపు సంగతి విని ఆ పిల్ల పగలబడి నవ్వడం నాకూ వినపడింది.

"మా నాన్నా ట్రాక్టరుకి ఇలాగే పూస్తారు బాబాయ్. మాదీ మీ పక్కూరే, వడ్డాది. తుడిసేయండి మరి. భోంచేసేరా?"

ఫోను పెట్టేసి నావైపు తిరిగాడు. "భోంచేసేరా అనడిగింది బాబూ" అన్నాడు.

"పొద్దున్న పదింటికా?" అన్నాను.

"అడిగింది కదా" అన్నాడు.

చెరుకు ఆడే రోజులొచ్చాయి. బెల్లం పొయ్యిల మసి ఊరంతా పడుతుంది, పలకల మీదా పడి కరెంటు తగ్గింది. మళ్ళీ రేవతి ఫోను. ఆమె జలుబు గురించి, దేముడమ్మ చేపల పులుసు గురించి ఇద్దరూ మాట్లాడుకున్నారు. తరవాత ఆ ఫోను తరచుగా రాసాగింది. అనుమానమొచ్చి నేను డాబా ఎక్కాను. పలకలన్నీ అద్దాల్లా ఉన్నాయి, చివరి వరస మాత్రం నల్లగా ఉంది. గుడ్డ చేత్తో పట్టుకునే దాని పక్కన కూర్చున్నాడు మహానుభావుడు.

"ఇదేటి పని తవిటయ్యా?"

"తుడిసేత్తే ఆ రేవతి గుంట పిలవదు బాబూ."

"నువ్వే ఫోను చెయ్యొచ్చుగా!"

"పనున్న గుంట. ఏటని సెయ్యను?"

తిడదామనే ఎక్కాను. ఊరికే దిగొచ్చేశాను.

ఆ వారంలోనే రేవతి ఫోను చేసింది. గొంతులో ఈసారి నవ్వు లేదు. అవతలి మాటలు వినపడేంత దగ్గర్లో ఉన్నాను.

"బాబాయ్, హెడ్డాఫీసోళ్ళు నన్ను తిడతన్నారు. అన్ని బ్రాంచిలూ బాగున్నాయి, చోడవరం ఒక్కటే వెనకపడతంది, నువ్వు సూడట్లేదంటన్నారు. నాది కాంట్రాక్టు ఉద్యోగం బాబాయ్. మళ్ళీ ఇలాగైతే తీసేస్తారేమో."

తవిటయ్య రిసీవరు చెవికి అదుముకున్నాడు. "అలాగవదమ్మా. నాను సూసుకుంటాను" అన్నాడు. పెట్టేసే ముందు ఈసారి తనే అడిగాడు. "భోంచేసేవా అమ్మా?"

ఆ సాయంత్రం ఇంటికెళ్తూ తలెత్తి చూశాను. చివరి వరస మీద వంగి, చొక్కా అంచుతో మూలలు తుడుస్తున్నాడు.

ఇప్పుడు సోలార్ కరెంటులో మా బ్రాంచిదే ముందు వరస. మేనేజరుకి మెచ్చుకోలు కూడా వచ్చింది. నా బల్ల మీద ఫోను మాత్రం సోలార్ కోసం మోగదు. తవిటయ్య రోజూ పని ముగించుకుని దిగి వచ్చి, ఖాళీ బకెట్టుతో దాని ముందు నిలబడతాడు.

"మోగలేదా బాబూ?"

"లేదు తవిటయ్యా."

"అయితే ఆ గుంట బాగున్నట్టే" అంటాడు.