తలుపుల బూడిద చల్లిన తోటకూర

2004లో నేను ఇటిక్యాల మండలంలో ఒక సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎంను. అంటే గర్భిణులకు, పసిపిల్లలకు ఊళ్లోనే దొరికే మొదటి నర్సును. అప్పటికి పద్నాలుగేళ్ల సర్వీసు. పనిలో లోటు రానిచ్చేదాన్ని కాదు గానీ, నా నోరు మాత్రం మంచిది కాదు.

మా ఊరి కోడలు సుజాతకు అది మొదటి కాన్పు. మూడో నెలలో పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ తొమ్మిది. రక్తం తక్కువగా ఉందన్నమాట. ఐరన్ గోలీలిచ్చి, రోజూ ఆకుకూర తినమన్నాను. ఆమె అత్త నాగమ్మ పెరట్లో చిన్న మడి చేసి తోటకూర, పాలకూర వేసింది. ఆకులకు పురుగు పడుతోందంటే పొయ్యి బూడిద చల్లమని చెప్పింది నేనే. మా అమ్మ చల్లేది, ఊరంతా చల్లుతుంది, అందులో ఆలోచించాల్సిందేముంది అనుకున్నాను.

ఐదో నెలకు ఎనిమిది, ఆరో నెలకు ఏడు. పైగా కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు. గోలీలు పారేస్తోందని నాకు నేనే తేల్చేసుకుని, అంగన్‌వాడీలో పదిమంది ఆడవాళ్ల ముందు ఆమెను కడిగేశాను.

"మింగుతున్న సిస్టరమ్మా. ఒక్కటి గూడ ఇడిసిపెట్టలే," అంది.

"మింగితే ఆ రక్తమంతా ఎక్కడికి పోతోంది?" అన్నాను.

ఏడో నెలలో నొప్పి ఎక్కువైతే కర్నూలు తీసుకుపోయాం. అక్కడి డాక్టరు ఆమె చిగుళ్లు చూశాడు. పళ్ల మొదట్లో సన్నటి నల్లగీత ఉంది. ఇంట్లో ఎవరైనా రంగులపని, బ్యాటరీల పని చేస్తారా అని అడిగాడు. లేదన్నాం. పళ్లు దేనితో తోముకుంటావంటే బూడిదతో అంది సుజాత. ఏ కట్టెల బూడిద అని అడిగితే నాగమ్మ చెప్పుకొచ్చింది.

గద్వాలలో ఒక పాత ఇల్లు కూలగొడుతుంటే ఆమె కూలికి పోయింది. విరిగిన తలుపులు, కిటికీలు పొయ్యిలోకి తెచ్చుకుంది. ఆ ఇంట్లో పెళ్లి జరిగినప్పుడల్లా తలుపులకు కొత్త రంగు వేసేవారట, పాతది గీకకుండా దాని మీదే.

"గంత మందం రంగు సారూ, పెచ్చులు పెచ్చులు లేస్తుండె. బాగ మండుతయి," అంది.

పాత రంగుల్లో సీసం ఉండేదని, చిగుళ్ల మీది గీత దానిదే కావచ్చని డాక్టరు చెప్పాడు. చెక్క కాలిపోతుంది గానీ సీసం పోదు, బూడిదలోనే మిగులుతుంది. ఒంట్లో చేరితే రక్తం పెరగనివ్వదు, కడుపులో బిడ్డనూ వదలదు. మా ఊళ్లో నీళ్లకు కరువు. బూడిద చల్లిన ఆకును ఒక్క చెంబు నీళ్లతో జాడించి వండేస్తారు. నేను తినమన్నానని సుజాత ఆ కూర రోజూ తింది.

రక్తపరీక్ష ఫలితం హైదరాబాదు నుంచి రావడానికి పదిరోజులు పట్టింది. సీసమేనని తేలింది. అప్పటికే ఆమె చనిపోయిన మగబిడ్డను కన్నది.

వాళ్లు ఇల్లు చేరాక వెళ్లి మడిలో మట్టి తవ్వించాను. బూడిదతో సహా ఊరి బయట గోతిలో పూడ్పించాను. "నువ్వు చల్లమంటెనే గద చల్లితిమి," అంది నాగమ్మ. అవునన్నాను. సుజాతను తిట్టింది పదిమందిలో కాబట్టి, తప్పు నాదని కూడా ఆ అంగన్‌వాడీలోనే, ఆ ఆడవాళ్ల ముందే చెప్పాను. సుజాత చివరిదాకా విని ఒక్క మాట అడిగింది.

"ఇంక నేనేం తినాలె సిస్టరమ్మా? అది గూడ నువ్వే చెప్పు."

అవే ఆకుకూరల పేర్లు మళ్లీ చెప్పాను. చెబుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ తర్వాత ఏ ఇంట్లో బూడిద మాట వచ్చినా ముందు కట్టెలు చూపించమనేదాన్ని. రంగు వేసిన చెక్క, చెదలమందు పట్టించిన దుంగ ఉంటే ఆ బూడిద మడికీ వద్దు, పళ్లకూ వద్దు అనేదాన్ని. గోలీ పనిచేయకపోతే మనిషిని అనుమానించడం మానేశాను. సుజాత ఆరో నెలలోనే నాకు నిజం చెప్పింది. నమ్మి ఉంటే ఆ రోజే కర్నూలు పంపేదాన్ని.