పిస్తోలు లేని తూటాలు

నాకు ఇరవై ఏడేళ్ళప్పుడు చీరాల నుంచి పర్చూరు వెళ్ళే దారిలో ఉన్న ఒక పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. పేరుకి గుమాస్తాని. పగలంతా చేసిన పని మాత్రం వేరు. మా యజమాని నడుముకి ఒక పిస్తోలు ఉండేది. దానికి కావలసిన అదనపు తూటాలు నా నడుముకి ఉండేవి. ఆయన ముందు నడిచేవాడు, నేను మూడడుగులు వెనక నడిచేవాణ్ణి. రెండేళ్ళు అలా నడిచాను. ఇంతకన్నా తెలివితక్కువ పనికి జీతం తీసుకున్న మనిషిని నేను తరవాత ఎక్కడా చూడలేదు.

ఆ పిస్తోలు ఆయన సొంత అన్నకి భయపడి కొన్నది. తండ్రి పోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు. తమ్ముడికి మిల్లూ కొంత పత్తిచేనూ వచ్చాయి. అన్నకి ఆ పక్కనే మిరపచేలు వచ్చాయి. మధ్యలో ఒక గట్టు ఉండేది. ఏటా దుక్కుల కాలంలో తమ్ముడి పాలేళ్ళు ఆ గట్టుని జానెడు జానెడు చొప్పున అన్న చేలోకి జరిపేవారు. ఒకరోజు అన్న వచ్చి గట్టుమీద నిలబడి, "తేలుస్తా ఉండు!" అని అరిచి వెళ్ళిపోయాడు. మా వైపు ఆ మాట ఎద్దు మొరాయించినా అంటారు, పిల్లి పాలు తాగినా అంటారు. మా యజమాని మాత్రం ఇంటికొచ్చి తలుపులు బిగించుకున్నాడు. ఊళ్ళో నలుగురి ముందు మీసం తిప్పే మనిషి, అన్న కోసిన పచ్చిమిరపకాయల బండి వీధిలోంచి పోతుంటే కిటికీ రెక్క సందులోంచి చూసేవాడు.

మిల్లు యజమాని గనక లైసెన్సు దొరికింది. మద్రాసు వెళ్ళి అరచేతిలో ఇమిడేంత పిస్తోలు తెచ్చుకున్నాడు. దాని పిడిలోకి కిందనుంచి దూర్చే చిన్న ఇనప డబ్బీ ఉంటుంది. అందులో ఏడు తూటాలు పడతాయి. దాన్నే మేగజీను అంటారు. పిస్తోలులో ఉన్నది చాలదని ఆయన మరో రెండు కొన్నాడు.

"ఏడు చాలవాండీ?" అని అడిగాను.

"ఏడూ అయిపోతే?"

"అవతల మీ అన్నగారు ఒక్కరే కదండీ."

"నీకేం తెలుసురా! ఇట్లాంటి వాటిల్లో మనిషి తయారుగా ఉండాల."

మొదటి వారం అన్నీ తనే మోశాడు. పట్టులాల్చీ కింద కుడివైపు తోలుసంచిలో పిస్తోలు, రెండు పక్కజేబుల్లో రెండు మేగజీన్లు. ఆ ఇనప బరువుకి జేబులు ఈనబోయే గేదె పొదుగులా వేలాడేవి. కుర్చీలో కూర్చుంటే కర్రకి తగిలి టకటకమనేవి. ఎవరికీ తెలియకూడదని బట్టల కింద దాచుకున్న వస్తువు గురించి వారం తిరక్కుండా ఊరంతా చెప్పుకున్నారు. అప్పుడు నన్ను లోపలికి పిలిచాడు.

"ఒరేయ్, నువ్వు నమ్మకస్తుడివి. చర్చికి పోతావు, తాగవు, అబద్ధమాడవు. ఇయ్యి నీ దగ్గరుండాల. నేను చెయ్యి చాపితే నా చేతిలో పెట్టాల."

మా ఆవిడ మిషను బడిలో పంతులమ్మ. మేగజీన్లు పెట్టుకోవడానికి నడుముకి కట్టుకునే సంచి ఒకటి కుట్టమని అడిగితే, "వారపత్రికలు ఎవరైనా నడుముకి కట్టుకుంటారా?" అని నవ్వింది. వాటిని చూశాక నవ్వలేదు.

"ఆయన ప్రాణానికి భయమైతే ఆయన మోసుకోవాలి. మీకెందుకు?"

"ఉద్యోగం" అన్నాను.

ముతక గుడ్డతో సంచి కుట్టి ఇచ్చింది. సూదీ దారం పెట్టెలో పెట్టి మూత ధడేలున వేసింది.

రోజూ పొద్దున్నే ఆఫీసు గదిలో తలుపు వేసుకుని మేం సాధన చేసేవాళ్ళం. ఆయన గోడకేసి తిరిగి పిస్తోలు ఎత్తి, చూడకుండా ఎడమచెయ్యి వెనక్కి చాపేవాడు. నేను సంచిలోంచి డబ్బీ తీసి, తూటాల మొన ముందుకు ఉండేలా ఆయన అరచేతిలో పెట్టాలి. తిరగేసి పెడితే తిట్టేవాడు. సరిగా పెట్టినా దాన్ని పిడిలోకి దూర్చలేక చెమటలు కక్కేవాడు. బయట యంత్రాలు పత్తిని గింజ నుంచి వేరుచేస్తూ మోగుతుంటే, లోపల ఇద్దరు ఎదిగిన మగవాళ్ళం ఆ ఆట ఆడుకునేవాళ్ళం.

ఒకసారి గురి చూసుకోవాలని వాడరేవు తీసుకెళ్ళాడు. సరుగుడు చెట్ల దగ్గర ఇసుకలో ఒక కుండ బోర్లించి ఇరవై అడుగుల నుంచి కాల్చాడు. ఏడూ పోయాయి. చెయ్యి చాపాడు, రెండో డబ్బీ ఇచ్చాను. ఆ ఏడూ పోయాయి. చేపలు ఎండబెట్టుకుంటున్న ఒక ముసలమ్మ లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏందయ్యా ఆ గోల? ఆ కుండ నిన్నేం చేసింది?"

కుండకి గీత కూడా పడలేదు. ఆయన దగ్గరికి వెళ్ళి కాలితో తన్ని పగలగొట్టాడు. తిరిగొచ్చేటప్పుడు దారిపొడుగునా సముద్రపు గాలి గురించి మాట్లాడాడు. గాలి పక్కకి లాగిందట.

ఆదివారం కూడా సంచి విప్పకూడదని ఆయన హుకుం. ఒక ఆదివారం చర్చిలో ప్రార్థనకి మోకరించినప్పుడు ముడి జారి ఒక డబ్బీ గచ్చు మీద ఠంగుమని పడింది. అందరూ కళ్ళు తెరిచారు. పాస్టరుగారు ప్రార్థన ఆపలేదు. ఆమేన్ అన్నాక మాత్రం నా దగ్గరికొచ్చి, నెమ్మదిగా, "నాయనా, ఎవరి భయం ఇది?" అని అడిగారు. యజమానిదని చెప్పాను. "మరి నీ నడుముకి ఎందుకుంది?" అన్నారు. ఈ ప్రశ్న అప్పటికే ఇంట్లో విని ఉన్నాను. ముడి మరింత బిగించుకుని ఇంటికొచ్చాను.

ఇంతసేపూ ఆయన్ని వెక్కిరించాను. నా సంగతీ చెప్పాలి. కొన్నాళ్ళకి ఆ బరువు నాకు నచ్చడం మొదలెట్టింది. నేను వస్తుంటే జనం పక్కకి తప్పుకునేవారు. ఒకరోజు మిల్లులో పత్తి ఏరే ఒకామె, బిడ్డకి ఒళ్ళు కాలిపోతోంది, ఇంటికి పోతానంది. నేను కుదరదన్నాను. ఆమె గొంతు పెంచింది. నేను మాట్లాడకుండా నడుము మీద చెయ్యి వేసుకున్నాను. ఆమె నా చేతివంక చూసి, నోరు మూసుకుని, మళ్ళీ పత్తి ముందు కూర్చుంది. పిస్తోలు లేనివాడు ఉత్త తూటాల మీద చెయ్యి వేసి జ్వరం బిడ్డ తల్లిని బెదిరించాడు. యజమాని పిరికితనానికైనా ఒక అన్న ఉన్నాడు. నా గొప్పకి ఏ సాకూ లేదు.

ఇంతలో ఎలక్షన్లు వచ్చాయి. లైసెన్సు ఆయుధాలున్న వాళ్ళంతా వాటిని పోలీసు స్టేషన్లో అప్పగించాలని దండోరా వేశారు. మా యజమాని పిస్తోలూ లైసెన్సు పుస్తకం అప్పగించి రసీదు తెచ్చుకున్నాడు. నేను సంచి విప్పబోతే వద్దన్నాడు.

"వాళ్ళు పిస్తోలు ఇమ్మన్నారు, ఇచ్చా. ఎలక్షన్లయ్యేదాకా మనకాడ ఏదో ఒకటి ఉండొద్దూ?"

"పిస్తోలు లేకుండా వీటితో ఏం చేస్తామండీ? విసురుతామా?"

"ఎదురు మాట్లాడమాక. ఇంట్లో పెడితే ఆడోళ్ళు ముట్టుకుంటారు. నీ దగ్గరే ఉండనియ్."

అలా మూడు వారాలు పిస్తోలు లేని తూటాలు మోశాను. నాలుగో వారం మొదట్లో మిల్లు యంత్రానికి బెల్టు తేవడానికి చీరాల బస్సెక్కాను. అవి మద్యనిషేధం రోజులు. దారిలో బస్సు ఆపి ఇద్దరు కానిస్టేబుళ్ళు సారా కోసం మూటలు తడుముతున్నారు. ఒకాయన నా నడుము దగ్గర చెయ్యి పెట్టి ఆగాడు.

"ఏందయ్యా గట్టిగా ఉంది? సీసాలేనా?"

చొక్కా ఎత్తి చూశాక ఆయన మొహంలో రంగు పోయింది. నన్ను చెయ్యి పట్టుకుని దించేశారు. బస్సులోని వాళ్ళంతా కిటికీల్లోంచి తలలు బయట పెట్టి చూశారు. ఆ చూపులు నాకు ఇప్పటికీ ఒంటిమీద తగులుతాయి.

స్టేషన్లో ఎస్సైగారు బల్లమీద రెండు డబ్బీలూ పెట్టించి, "ఎవరివివి?" అన్నారు.

"మా యజమానివండీ."

"నీకు లైసెన్సుందా?"

"లేదండీ."

"మరి నీ దగ్గరున్నందుకు ముందు లోపల పడేది నువ్వే. తెలుసా?"

తెలియదు. రెండేళ్ళలో ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. యజమానికి తెలిసే ఉండాలి. లైసెన్సు పుస్తకం చదువుకున్నది ఆయనే.

కబురు పంపితే మధ్యాహ్నం భోంచేసి తీరిగ్గా వచ్చాడు. నావంక చూడలేదు. గోడమీది కేలండరు వంక చూస్తూ ఎస్సైగారితో అన్నాడు:

"నాకేం తెలీదండీ. అన్నీ అప్పగించాననే అనుకుంటన్నా. వీడు నా బీరువాలోంచి తీసుంటాడు. వీళ్ళని నమ్మటం మనదే పొరపాటు."

నా చెవుల్లో మిల్లు యంత్రం మోగినట్టయింది. రెండేళ్ళు ఆ చేతిలో మేగజీను తిన్నగా పెట్టడానికి నేను పడ్డ తాపత్రయం గుర్తొచ్చి, నామీద నాకే ఉమ్మెయ్యాలనిపించింది.

ఈలోగా తిరుగుబస్సులో వచ్చినవాళ్ళు ఊళ్ళో చెబితే మా ఆవిడ బడి వదిలేసి మా యజమాని ఇంటికి పరిగెత్తింది. అయ్యగారు పడుకున్నారన్నారు గుమ్మంలోంచే. ఆమె అక్కడ నిలబడి ఏడవలేదు. తిన్నగా ఊరవతల మిరపకళ్ళానికి వెళ్ళింది. అక్కడ అన్నగారు కూలీలతో కలిసి కాయలు ఆరబోస్తున్నాడు. ఆయనతో ఆమె అంతకుముందు ఎన్నడూ మాట్లాడి ఎరగదు.

"అయ్యా, మీరంటే భయంతోనే కదా మీ తమ్ముడు అవి మా ఆయన నడుముకి కట్టించింది. ఇప్పుడు మా ఆయన స్టేషన్లో ఉన్నాడు. మీరొచ్చి చెప్పండి" అందట.

ఆయన పార కింద పెట్టి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, బండి కట్టమన్నాడు.

ఆయన స్టేషనులోకి వచ్చేసరికి ఒంటినిండా మిరప ఘాటు. వాకిట్లో కానిస్టేబులు తుమ్మాడు. చేతిలో కర్ర కూడా లేదు. అన్నని చూడగానే మా యజమాని చెయ్యి అలవాటుగా వెనక్కి వెళ్ళింది, అరచెయ్యి నావైపు చాచి. ఎస్సైగారు అది చూశారు. నేనూ చూశాను. మళ్ళీ గబుక్కున లాక్కున్నాడు.

"ఎస్సైగారూ, ఆ తూటాలు నాకోసం కొన్నయ్యేనండీ" అన్నాడు అన్నగారు. "ఎవరియ్యో నన్నడగండి, చెబుతా. ఈ అబ్బాయి అయ్యి మోసుకుంటా మావాడి ఎనక తిరగటం రోజూ చూస్తన్నా. ఊరంతా చూస్తంది." తమ్ముడివైపు తిరిగాడు. "ఏరా, నేనేం చేశానురా నిన్ను?"

"తేలుస్తానన్నావుగా."

"ఎప్పుడు?"

"గట్టుమీద."

"గట్టు సంగతి తేలుస్తానన్నా. సర్వేయర్ని పిలిపించి తేలుద్దామని. ఆయనొచ్చి కొలిచి పోయి ఏడాదైంది. నువ్వు తలుపేసుకుని కూర్చున్నావు. ఆ తుపాకీ నాకు భయపడి కొన్నావని ఇయ్యాళ్టిదాకా నాకేం తెలుసు?"

ఎస్సైగారు బీరువా తీయించి, అప్పగించిన పిస్తోలుతో పాటు ఉన్న లైసెన్సు పుస్తకం తెప్పించారు. అందులో మద్రాసు కొట్టు రసీదు మడిచి ఉంది. పిస్తోలు ఒకటి, అదనపు మేగజీన్లు రెండు అని దానిమీద స్పష్టంగా ఉంది. ఆయన దాన్ని మా యజమాని ముందు పెట్టి, "పిస్తోలిచ్చి ఇవి ఎందుకివ్వలేదు? ఇతని నడుముకి సంచి కూడా ఇతనే కట్టుకున్నాడంటారా?" అని అడిగారు. మా యజమాని మంచినీళ్ళు కావాలన్నాడు.

నాచేత వాంగ్మూలం రాయించుకుని సాయంత్రానికి పంపించేశారు. అన్నగారి బండిలోనే ఇంటికొచ్చాం. ఆయన దారిలో నాతో ఒకే ఒక్క మాట అన్నాడు. "చదువుకున్నోడివి, నువ్వైనా వాడికి చెప్పొద్దా?" చెప్పొచ్చు. రెండేళ్ళలో ఒకసారి ఆ కళ్ళానికి నడిచివెళ్ళి, మీరు ఆయన్ని చంపుతారా అని అడిగి ఉంటే, అక్కడితో అయిపోయేది. నాకు ఆ ఆలోచనే రాలేదు. మా ఆవిడకి ఒక్క గడియలో వచ్చింది.

మా యజమాని ఎవరెవరి కాళ్ళో పట్టుకుని కేసు లేకుండా బయటపడ్డాడు. పిస్తోలు మాత్రం ఆయనకి తిరిగి రాలేదు. మర్నాడు పొద్దున్నే నాకు కబురు పెట్టాడు. వెళ్ళాను.

"మనసులో పెట్టుకోమాకరా. ఆ నిమిషానికి ఏదో అనేశా. నువ్వైతే ఎట్టాగో బయటపడతావు. నాకు మిల్లుంది, పిల్లలున్నారు."

"నాకూ ఉందండీ, కూతురు" అన్నాను.

ఆ సంగతి ఆయనకి అప్పుడే తెలిసినట్టు చూశాడు. ఆఫీసు తాళంచెవులు బల్లమీద పెట్టి బయటికొచ్చాను. గుమ్మం దాకా వెనకే వచ్చి, జీతం పెంచుతానన్నాడు. దేనికి పెంచుతాడో నాకు అర్థం కాలేదు.

తరవాత ఆయన రెండు పెద్ద జాతికుక్కల్ని కొన్నాడని విన్నాను. వాటినీ మరెవరో పట్టుకుని నడిచేవాడట.

రెండు నెలలు మా ఆవిడ జీతంతో గడిచింది. ఆ తరవాత వేటపాలెంలో జీడిపప్పు కొట్టే షెడ్డులో రాతపనికి కుదిరాను. అక్కడి షావుకారు నోరు మంచిది కాదు. ఉదయం నుంచి అందర్నీ కేకలేసేవాడు, నన్ను కూడా. కానీ వానలో వచ్చినా తన గొడుగు తనే పట్టుకొచ్చేవాడు. ఆయన దగ్గర పదకొండేళ్ళు పనిచేశాను.